రెండొందల పన్నెండు ఫారాల వెనకవైపు

ఫిబ్రవరి 9, సోమవారం

నేను తెచ్చిన రెండొందల పన్నెండు ఫారాలను జాన్ బాషా సారు తాలుకాయల్లా ఏరి పక్కన పడేశాడు. పదకొండు రోజులు మిరపతోటల వెంట తిరిగి రాసినవి. ఒక్కటి కూడా విప్పి చూడలేదు. పైన నేను పిన్ను పెట్టిన కూడికల కాగితం చూశాడు, నవ్వాడు. పడేసినందుకు కాదు, ఆ నవ్వుకి మండింది నాకు.

"ఇంత శుభ్రమైన లెక్క ఎక్కడా దొరకదు ఫెబా," అన్నాడు. "ఏడు కూలీ ముఠాల్ని అడిగావు. ఏడింట్లోనూ ఐదుగురిలో ముగ్గురు కొత్తామెకి, ఇద్దరు పాతాయనకి. మనుషులు ఇలా ఉండరమ్మా."

"మావాళ్లు ఇలాగే ఉంటారండి."

"ఆటోలో కూర్చుని అడిగితే అది శాంపిల్ అవదు. ఇంటింటికీ వెళ్లాలి. ప్రతి ఐదో గుమ్మం. పుస్తకంలో ఉంది."

పాతాయన, కొత్తామె అన్నవి నేను పెట్టిన పేర్లు. సారు కూడా అలవాటుపడ్డాడు. అసలు పేర్లు ఇక్కడ కూడా రాయను, కాగితం ఎవరి చేతిలో పడుతుందో తెలియదు. మార్చి ఐదున ఉప ఎన్నిక. గెలిచేది ఎవరో ముందే చెప్పడం సారు పని. చెప్పడానికి కావాల్సింది మోసుకురావడం నా పని.

సారుకు చెప్పిందే ఇక్కడ మళ్లీ రాస్తున్నాను. ఆయన విన్లేదు, కాగితమైనా వింటుంది. కోతకొచ్చిన ఆడమనిషిని తోటలో అడిగితే రైతు గట్టు మీద ఉంటాడు. ఆయన పార్టీయే ఆమె పార్టీ. ఇంటి దగ్గర అడిగితే మొగుడు గడప మీద ఉంటాడు. ఆయన మాటే ఆమె మాట. ఈ రెండింటికీ మధ్య ఆమె నోరు ఆమెదిగా ఉండేది ఒక్కచోటే: సాయంత్రం కోత దిగి ఇంటికొచ్చే ట్రాలీ ఆటోలో. అక్కడ రైతు లేడు, మొగుడు లేడు. అక్కడ అడగాలి. ఇది నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. పన్నెండో ఏట నుంచి సెలవులన్నీ ఆ ఆటోల్లోనే గడిచాయి కాబట్టి తెలుసు.

సారు దగ్గర ఇంటింటి ఫారాలు పన్నెండు వందలున్నాయి. వాటి ప్రకారం పాతాయనకి నూటికి యాభై నాలుగు. పన్నెండు వందల గుమ్మాలు, పన్నెండు వందల మొగుళ్లు.

నా కట్టను చెత్తబుట్ట పక్కన పెట్టాడు. నేను సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చాను. ఫారానికి ఒకవైపే అచ్చు, వెనక తెల్లగా ఉంది. ఈ డైరీ దాని మీదే రాస్తున్నాను. మొత్తం రెండొందల పన్నెండు పేజీలు. నా కోపానికి సరిపోతాయో లేదో చూడాలి.

నేను ఎవరి పక్షమూ కాదు. లెక్క పక్షం. ఇది రాసిపెట్టుకోవాలి.

ఫిబ్రవరి 10

సారు మీద కోపం లేదు.

ఫిబ్రవరి 11

ఉంది.

ఫిబ్రవరి 13, శుక్రవారం

సరే, ఐదో గుమ్మమంటే ఐదో గుమ్మమే. పోయాను. ఒకాయన లుంగీ సర్దుకుంటూ బయటికొచ్చాడు.

"ఎవరికి వేస్తారండీ ఓటు?"

"పాతాయనకి."

"ఇంట్లో ఆవిడ ఎవరికండీ?"

"ఆవిడా పాతాయనకే. మా అమ్మ కూడా. పక్కింటోళ్లు హైదరాబాదులో ఉంటున్నారు, వాళ్లవి రెండూ రాసుకో."

"ఆవిడతో ఒకసారి మాట్లాడొచ్చాండీ?"

"మాట్లాడు. నే చెప్పిందే చెప్పుద్ది."

లోపల ఆవిడ గిన్నెలు తోముతోంది. ఆయన మాట అయ్యేసరికి ఆ మోత రెండింతలైంది. ఒక గిన్నె ఎగిరి పడింది కూడా. ఫారంలో వయసుకి గడి ఉంది, కులానికి గడి ఉంది, చదువుకి గడి ఉంది. గిన్నె మోతకి గడి లేదు. 'ఇతర వివరాలు' అన్న చోట రాశాను: గిన్నె పడింది.

సాయంత్రం సారు అది చదివి కళ్లద్దాలు తీశాడు. "ఇదేంటి?"

"జవాబండి."

"మోత డేటా కాదమ్మా."

రాజకీయ శాస్త్రంలో డాక్టరేటు తీసుకున్నాడు. ఇంట్లో ఒక్కసారి కూడా గిన్నె ఎగరలేదేమో పాపం.

ఫిబ్రవరి 15, ఆదివారం

చర్చి నుంచి వచ్చాక ఒక్కదాన్నే కూర్చుని ఆలోచించాను. నాకేం కావాలి?

ఇంటర్ తర్వాత రెండేళ్లు కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడిమలు తీశాను. సగటు అంటే ఏంటో బ్రాడీపేటలో పాత పుస్తకం కొని చదువుకున్నాను. కంప్యూటర్లో పట్టికలు ఎలా వేయాలో ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్నాను, రాత్రి చూసింది పొద్దున మర్చిపోయి మళ్లీ చూస్తూ. ఎవరూ నేర్పలేదు. బ్రాడీపేటలోనే కోచింగ్ సెంటర్ పైన సారు పెట్టుకున్న అధ్యయన కేంద్రంలోకి నన్ను తీసుకున్నది పల్లెల్లో ఆడవాళ్లు నాతో మాట్లాడతారని. అది ఆయన నోటితో అన్నమాటే.

ఇప్పటిదాకా మూడు నివేదికలు వచ్చాయి. అట్ట మీద సారు పేరు. లోపలి పేజీలో కంప్యూటర్ చూసే అస్లాం పేరు. ఆ కింద "మరియు క్షేత్ర సిబ్బంది" అని ఒక ముక్క. ఆ ముక్కలో నేనూ ఉన్నాను, జీపు డ్రైవరూ ఉన్నాడు, జీపు కూడా ఉందేమో తెలియదు.

నాకు అట్ట మీద పేరు కావాలి. అంతే. ఇంకేమీ అక్కర్లేదు.

ఫిబ్రవరి 19, గురువారం

సారే ఆటో ఎక్కాడు! రాసి తీరాలి.

"నీ ఆటో సంగతేంటో చూద్దాం పద," అని బయల్దేరాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. తోట దగ్గర సాల్మన్ ట్రాలీ ఆటో చూసి, "సీటెక్కడ?" అన్నాడు. సాల్మన్ రేకు మీద చేత్తో దుమ్ము కొట్టి, "ఇదేనండి," అన్నాడు.

ఆ ముఠాకి మేస్త్రి మా మేనత్త రెబ్కా. పొద్దున్నే ముప్పై మందిని లేపి తోటకి చేర్చడం, సాయంత్రం ఇళ్ల దగ్గర దింపడం ఆమె పని. అత్త ఎక్కితే ఆటోకి హారనక్కర్లేదని సాల్మన్ అంటాడు.

ఆడవాళ్లు కాళ్లు ముడుచుకుని సారుకి చోటిచ్చారు. పొద్దుటి నుంచి కోసిన కాయ ఘాటంతా వాళ్ల చీరల్లో ఉంది. సారు ప్రశ్న మొదలెట్టాడు, తుమ్మాడు. మళ్లీ మొదలెట్టాడు, మళ్లీ తుమ్మాడు.

"పాపం, ప్రశ్న ముక్కులో ఇరుక్కుంది," అంది వెనక నుంచి మహిమక్క.

ఆటో ఆటో అంతా నవ్వింది.

"కళ్లు నలపమాకండి సారూ," అంది అత్త. "నలిపితే ఇక ఓట్లు కాదు గదా, ఆటో కూడా కనపడదు."

సారు నలిపాడు.

ఆ తర్వాత కళ్లు మూసుకునే అడిగాడు, కన్నీళ్లు కారుతుండగా. "ఈసారి ఎవరికి వేద్దామనుకుంటున్నారమ్మా?"

"పాతాయనకేనండి," అంది అత్త.

"మీరమ్మా?"

"పాతాయనకే."

"మీరు?"

"మేమంతా పాతాయనకేనండి. మీరు ముందు మొహం కడుక్కోండి."

నాకు ఆటోలోంచి దూకుదామనిపించింది. సారు జేబురుమాలు కళ్లకి అద్దుకుంటూ నా వైపు తిరిగి, "చూశావా," అన్నాడు. చూడలేనివాడు నన్ను చూశావా అంటున్నాడు.

ఆయన్ని బస్సెక్కించి అత్త మీద పడ్డాను. "ఏందత్తా ఇది? నాకొకటి చెప్పి ఆయనకొకటి చెప్తారా?"

"ఆయనెవరో మాకేం తెలుసే? ఇస్త్రీ చొక్కా వేసుకుని కాగితం తీసినోళ్లకి ఎప్పుడైనా కుర్చీలో ఉన్నోళ్ల పేరే చెప్తాం. రేపు పింఛను ఆగితే నువ్విస్తావా?"

"మరి నాకు చెప్పింది?"

"నువ్వు మా పిల్లవి గదే," అంది. అని కొంగు దులుపుకుని దిగి వెళ్లిపోయింది.

నాకు ధైర్యం వచ్చింది. నా లెక్కే నిజం.

ఫిబ్రవరి 24

సారు టీవీలో. పాతాయనకి యాభై నాలుగు. మూడు చానళ్లలో మూడు చొక్కాలు. కళ్ల ఎరుపు ఇంకా పూర్తిగా పోలేదు. నాకు తప్ప ఎవరికీ తెలియదు.

మార్చి 5

పోలింగు. వేలికి సిరా. ఎవరికి వేశానో ఇక్కడ కూడా రాయను. నేను ఎవరి పక్షమూ కాదు.

కొత్తామెకే.

మార్చి 9, సోమవారం

కొత్తామె గెలిచింది. నూటికి యాభై తొమ్మిది.

యాభై తొమ్మిది! నా లెక్క అరవై. ఒక్కటి తేడా. ఫారాల కట్ట మంచం మీద పెట్టి దాని చుట్టూ తిరిగాను. ఏం పిచ్చే నీకు అంది అమ్మ. సారు ఫోను స్విచాఫ్. అస్లాం ఒక్కడే మెసేజ్ పెట్టాడు: "ఆటో జిందాబాద్."

రేపు ఆఫీసులో ఒక్క మాట కూడా అనను. మర్యాదగా ఉంటాను. ఒక్కసారి మాత్రం చూశావా అంటాను.

మార్చి 10

సారు సెలవు.

మార్చి 11

సారు సెలవు. నా "చూశావా" నా దగ్గరే ఉండిపోయింది.

మార్చి 15, ఆదివారం

పేపర్లో సారు వ్యాసం. సగం పేజీ, పైన ఫొటో. రెండు పేరాలు దాటాక ఇలా ఉంది, ఉన్నదున్నట్టు దించుతున్నాను:

"పని నుంచి ఇంటికి చేరే దారిలోనే మహిళా కూలీ సొంత గొంతు వినిపిస్తుంది. మా కేంద్రం దీన్ని తిరుగుదారి పద్ధతి అని పిలుస్తుంది. టీవీ అంచనాలో చేర్చలేకపోయినా, ఈ ఫలితం మా క్షేత్ర పరిశీలనలో ముందే కనిపించింది."

మా కేంద్రం అట. మా కేంద్రం ఆటోలో తుమ్మింది. మా కేంద్రం కళ్లు నలుపుకుంది.

నాలుగుసార్లు చదివాను. నా పేరు లేదు. క్షేత్ర సిబ్బంది అన్న ముక్క కూడా లేదు. ఈసారి జీపు కూడా పోయింది.

మార్చి 16, సోమవారం

పేపరు తీసుకెళ్లి సారు బల్ల మీద పరిచాను.

"ఇది ఎవరిదండి?"

"కూర్చో ఫెబా."

"నిలబడే అడుగుతాను. ఆటోలో అడిగితే శాంపిల్ అవదన్నారు. ఇప్పుడు దానికి పేరు కూడా పెట్టారు. నా బిడ్డకి మీరు బారసాల చేయడమేంటండి?"

అస్లాం కంప్యూటర్ వెనక దాక్కున్నాడు. సారు కాసేపు పెన్ను మూత పెట్టాడు, తీశాడు. అరిచి ఉంటే నాకు తేలికయ్యేది. అరవలేదు.

"తప్పే," అన్నాడు. "పేపర్ వాళ్లు తొందరపెట్టారు. వచ్చే నెల ఒంగోలు సదస్సులో ఈ పద్ధతి మీద పుస్తకం తెస్తున్నాం. ఆ రెండొందల పన్నెండు ఫారాలు ఉన్నాయా? అసలు కాగితాలు చూపించకపోతే సదస్సులో ఎవరూ నమ్మరు."

"పుస్తకం అట్ట మీద నా పేరు వేస్తారా?"

"ముందుమాటలో కృతజ్ఞతలు..."

"అట్ట మీద."

కిటికీలోంచి కింద కోచింగ్ సెంటర్ బోర్డు వైపు చూశాడు. "సరే," అన్నాడు. "నా పేరు కిందే నీ పేరు. ఫారాలు తీసుకురా."

మెట్లు రెండేసి చొప్పున దిగాను. బ్రాడీపేట మొత్తం నాదే అనిపించింది. ఇంటికొచ్చి కట్ట బయటికి తీశాను. మొదటి ఫారం తిప్పాను. వెనకవైపు: "తాలుకాయల్లా ఏరి పక్కన పడేశాడు." ఇంకోటి తిప్పాను: "కళ్ల ఎరుపు ఇంకా పూర్తిగా పోలేదు."

ఫారాలు ఇవ్వాలంటే డైరీ ఇవ్వాలి.

మార్చి 18

కొత్త ఫారాల మీద ముందువైపు మాత్రం మళ్లీ రాస్తే? అవే జవాబులు, అవే పేర్లు. అది తప్పేం కాదు. నకలు తీయడమే కదా. ఆఫీసు నుంచి ఖాళీ ఫారాలు తెచ్చాను. అరవై మూడు రాశాను. సిరా రంగు మారకుండా అదే పెన్ను. అలా పెన్ను వెతుక్కున్నప్పుడు కొంచెం అనుమానం వచ్చింది, నకలు తీసేవాళ్లు పెన్ను వెతుక్కుంటారా అని.

మార్చి 22, ఆదివారం

చర్చి అయ్యాక అత్తకి సంతోషంగా చెప్పాను. పుస్తకం, అట్ట, పేరు, ఒంగోలు.

"అంతా మీరు నిజం చెప్పబట్టే అత్తా," అన్నాను.

అత్త బైబిల్ సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. "నిజమంటే..."

"నిజమంటే ఏంది?"

"నువ్వు మొదటి రోజు కాగితాలు పట్టుకుని ఆటో ఎక్కావా. మహిమ కొత్తామె పేరు చెప్పింది. నీ మొహం పెట్రోమాక్స్ లైటయింది. ఆ తర్వాత దేవమ్మ పాతాయన అంటే నీ మొహం మాడింది. అది చూశాం గదా. మా పిల్ల ఉద్యోగం, పిల్ల ముందు కాయ బాగుండాలి అనుకున్నాం."

"కాయేంది?"

"మిర్చి యార్డులో కొనేవాడికి చూపించేటప్పుడు టిక్కీ బస్తా పైన మంచి కాయ పెట్టమా? అట్టాగే. కానీ అంతా ఎర్రటి కాయే కనపడితే కొనేవాడికి అనుమానం వస్తది. చెయ్యి లోపలికి పెట్టి చూస్తాడు. అందుకని మేస్త్రులం ఏడుగురం ఫోన్లలో అనుకున్నాం. ఐదుగురు ఉంటే ముగ్గురు కొత్తామె, ఇద్దరు పాతాయన. మీ సారు నమ్మేటట్టు."

చర్చి గోడ పట్టుకున్నాను.

"ఏడు ముఠాలూ?"

"ఏడూ. వరసలు కూడా చెప్పాం, ఎవరు ఏది చెప్పాలో. ఆ మొగలాయిపాలెం ముఠా వాళ్లు రెండుసార్లు తప్పారు. వాళ్ల మేస్త్రికి ఫోను చేసి మళ్లీ అడిగించాను నీతో, గుర్తులేదా? చెవి సరిగ్గా వినపడలేదన్నారే, వాళ్లు."

గుర్తుంది. బిగ్గరగా మళ్లీ అడిగాను కూడా.

"మరి ఫలితం సరిగ్గా ఎట్టా వచ్చింది అత్తా?"

"నాకేం తెలుసు? లెక్కల మనిషివి నువ్వు."

"అసలు నువ్వు ఎవరికి వేశావు?"

అత్త నవ్వింది. "అది నీకెందుకే? పైన పెట్టిన కాయే చూసుకో. లోపల కాయ మాది."

మార్చి 23

సారు అన్నది నిజం. మనుషులు అలా ఉండరు.

మార్చి 24

సారు అన్నది నిజమని రాయడానికి ఒక పేజీ ఖర్చయింది. ఇక రాయను.

మార్చి 27, శుక్రవారం

ఎవరికీ చెప్పక్కర్లేదు. అత్త చెప్పదు. ముఠాలు చెప్పవు. ఫలితం నా వైపే ఉంది. అట్ట రంగు కూడా చూపించాడు అస్లాం, ముదురు ఎరుపు, కింద రెండు పేర్లు. 'ఫెబా' అన్న రెండక్షరాలు ఎంత చిన్నగా ఉన్నా ఎంత బాగున్నాయో. సారు రోజూ అడుగుతున్నాడు, "ఫారాలు తెచ్చావా?" నకలు నూట నలభై దాకా వచ్చింది.

ఇంకో సంగతి. వచ్చేది పంచాయతీ ఎన్నికలు. సారు పదిమంది అమ్మాయిల్ని పెట్టి ఆటోలెక్కిస్తాడట, ఈ పుస్తకం చూసి. ఒక్కో ఆటోలో ఒక్కో మేస్త్రి. ఒక్కో అమ్మాయి మొహం చూసి ఒక్కో లెక్క తయారవుతుంది. సారు టీవీలో చెబుతాడు, కింద నా పేరు ఉంటుంది. అప్పుడు తప్పినా ఒప్పినా అది నా పేరే.

నేను ఎవరి పక్షమూ కాదని ఎన్నిసార్లు రాశానో వెనక్కి తిప్పి లెక్కపెట్టాను. కాగితం మీద రాశాను గానీ మొహానికి చెప్పలేదు.

ఏప్రిల్ 3

గుడ్ ఫ్రైడే. మూడు గంటల ఆరాధన. యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల్లో ఒక్కటీ చెవికెక్కలేదు. అత్త పక్కనే కూర్చుంది. మధ్యలో నా చేతిలో చాక్లెట్ పెట్టింది, ఉపవాసం రోజని కూడా చూడకుండా.

ఏప్రిల్ 4

నకలు ఫారాలు చించాను. నూట నలభై. చించుతుంటే ఏడుపు రాలేదు. కొంచెం వచ్చింది. ఘాటు.

ఇంట్లో మిరపకాయలు లేవు.

ఏప్రిల్ 6, సోమవారం

ఇవాళ సారుకి ఇచ్చిన ఉత్తరం. దీని నకలు మాత్రం నిజంగా నకలే.

"జాన్ బాషా గారూ, నా పద్ధతిని చెత్తబుట్ట పక్కన పెట్టి, ఫలితం వచ్చాక అది మీదేనని పేపర్లో రాసుకున్నారు. ఇది మీరు చేసిన తప్పు.

నేను చేసింది కూడా రాస్తున్నాను. నేను ఎవరు గెలవాలనుకుంటున్నానో నా మొహం చెప్పింది. ఏడుగురు మేస్త్రులు దాన్ని చదివి, మీరు నమ్మేలా లెక్క కూర్చి ఇచ్చారు. మిరపకాయ టిక్కీ పైన మంచి కాయ పెట్టినట్టు. యాభై తొమ్మిది ఎలా వచ్చిందో నాకు తెలియదు, మీకూ తెలియదు, గెలిచినామెకీ తెలియదు. ఫారాలు చూడకుండా పడేసినప్పుడు మీరన్నమాట సరైనది. అది ఒప్పుకోవడానికి నాకు పదిహేను రోజులు పట్టింది. మీరు మీ తప్పు ఒప్పుకోవడానికి ఐదు రోజులు ఇస్తున్నాను.

నా పేరు అట్ట మీద కావాలి. ఇంతకుముందు కన్నా ఎక్కువ కావాలి. కానీ లోపల ఈ జరిగినదంతా ఒక అధ్యాయంగా ఉండాలి, మీ తుమ్ములతో సహా. తిరుగుదారిలో ఆడవాళ్లు నిజం చెబుతారని కాదు, అడిగేవాళ్ల మొహం చూసి చెబుతారని రాయాలి. పంచాయతీ ఎన్నికల ప్రశ్నలు రాసేటప్పుడు మా అత్త రెబ్కాని బల్ల దగ్గర కూర్చోబెట్టాలి. కుర్చీ వేయాలి, రేకు కాదు. ఎక్కడ ఎలా అబద్ధం చెబుతారో ఆమె కన్నా తెలిసినవాళ్లు ఈ జిల్లాలో లేరు.

మీరడిగిన అసలు ఫారాలు నా దగ్గరే ఉన్నాయి. వెనకవైపు నా డైరీ ఉంది, దాన్నిండా మీరే ఉన్నారు. ముందువైపు సదస్సులో చూపించాలంటే వెనకవైపు కూడా చూపించాలి. ఒక్కవైపు ఇవ్వను.

అవునో కాదో కాగితం మీద రాసి సంతకం పెట్టండి. ఫోన్లో వద్దు, అస్లాంతో కబురు వద్దు. ఏప్రిల్ 10, శుక్రవారం సాయంత్రం ఐదింటి లోపు నా చేతికి అందాలి. ఐదు దాటితే ఆరింటికి సాల్మన్ ఆటో తోట దగ్గర బయల్దేరుతుంది. అందులో కూర్చుని మొదటి ఫారం వెనకవైపు నుంచి మొదలుపెట్టి బిగ్గరగా చదువుతాను. నేను చదివింది అత్త మళ్లీ చెబుతుంది. మీరు బ్రాడీపేటలో కిటికీ వేసుకున్నా వినపడుతుంది.

ఫెబా"